వాచ్‌మన్ ఇంట్లో దొంగ పడిన రాత్రి

ఈ మాఘమాసంలో, సోమవారం పోయి మంగళవారం వచ్చే రాత్రి, రెండు గంటల ఇరవై నిమిషాలకు జనగామలో మా ఇంట్లో దొంగ పడ్డాడు. టైం ఇంత కచ్చితంగా ఎట్లా తెలుసని అడుగుతారు. పదకొండు దినాల బాలింత అయిన నా బిడ్డ స్వప్న అప్పుడే పిల్లకు పాలిచ్చి, ఫోన్‌లో టైం చూసి పడుకోబోయింది. చప్పుడు విన్నది ఆమె. తల్లిని లేపింది. తల్లి, అంటే నా భార్య కొమురమ్మ, లేచింది. నేను లేవలేదు. ముప్పై రెండేళ్ళు రాత్రిపూట మెలకువగా ఉన్నందుకు జీతం తీసుకున్న మనిషిని, ఆ టైంకు ఇంటి ముందరి అర్రలో నోరు తెరిచి గురక పెడుతున్నాను.

నా పేరు యాకయ్య. పత్తి మిల్లుల్లో, మిర్చి గోదాముల్లో వాచ్‌మన్‌గా చేసి పోయిన దసరాకు మానుకున్నాను. మానుకున్నాను అంటే గౌరవంగా ఉంటుందని అట్లా రాశాను. కెమెరాలు పెట్టుకొని నన్ను వద్దన్నారు. చదువు నాకు ఆలస్యంగా వచ్చింది. స్వప్న ఒకటో తరగతిలో పలక మీద అ ఆ దిద్దుతుంటే, డ్యూటీకి పోయేముందు నేనూ పక్కన కూర్చొని దిద్దాను. అప్పటికే నా మీసంలో తెల్ల వెంట్రుకలు వచ్చాయి. ఆమె రెండో తరగతికి పోయింది, నేను గుణింతాల దగ్గరే ఉండిపోయాను. ఇప్పుడు ఈ కాగితాల్లో ఒత్తులు దిద్దింది కూడా ఆమెనే.

ఈ పనికి ఇప్పుడు సెక్యూరిటీ గార్డు అని పేరు మార్చారు. నీలం చొక్కా ఇస్తున్నారు. మా వాడకట్టు పిలగాళ్ళు చాలామంది చేరుతున్నారు. వాళ్ళకు చొక్కా ఎట్లా ఇస్త్రీ చేసుకోవాలో చెప్పేవాళ్ళు ఉన్నారు కానీ, పని ఏమిటో చెప్పేవాళ్ళు లేరు. అందుకని రాస్తున్నాను.

పని అంటే ఇది

వాచ్‌మన్ పని దొంగను పట్టుకోవడం కాదు. దొంగను పట్టుకున్న వాచ్‌మన్లను ఇన్నేళ్ళలో నేను ఇద్దరినే చూశాను. ఒకడి సంగతి కింద రాస్తాను. రెండోవాణ్ణి, అంత సులువుగా ఎట్లా దొరికాడు, నువ్వూ వాడూ కలిసే చేశారా అని సేటే అనుమానపడి పనిలోంచి తీసేశాడు.

రాత్రంతా నడవాలి. కట్టె నేలకు కొట్టాలి. ఈల ఊదాలి. దగ్గాలి. ఇవన్నీ ఎందుకంటే, నేను ఇటు ఉన్నాను, నువ్వు అటు నుంచి పో అని దొంగకు చెప్పడానికి. దీనికే జీతం. చాలామంది సేట్లకు ఈ సంగతి తెలియదు. తెలిస్తే ఇవ్వరు.

నాకు పని నేర్పింది జనగామ పత్తి మిల్లులో హెడ్ వాచ్‌మన్ కరీం సాబ్. పొట్టి మనిషి, ఉబ్బసం ఉండేది. ఆయన దగ్గుకు ప్రహరీ మీది పిల్లులు కూడా దిగి పోయేవి. చేరిన కొత్తలో నేను లావుపాటి వెదురు కట్టె కొని, కొనకు ఇనుప పొన్ను వేయించి తెచ్చాను. ఆయన దాన్ని చేతిలోకి తీసుకొని బరువు చూసి, ఎవరిని కొడతావని అడిగాడు. దొంగను అన్నాను.

“బేటా, పిల్లిని అర్రల ఏసి కొడితె మీద వడ్తది,” అన్నాడు. “దొంగకు గూడ జర రాస్తా ఉంచాలె. దర్వాజకు అడ్డం నిలవడకు. వాడు పోతనంటె పోనియ్యి.”

సేటు చెప్పింది వేరు. పండుగ పూట మా అందరినీ వరుసలో నిలబెట్టి, ప్రాణం పోయినా సరే దొంగను వదలవద్దని చెప్పేవాడు. ఎవరి ప్రాణమో చెప్పేవాడు కాదు. మేమూ అడగలేదు.

మానుకోటలో సమ్మయ్య

కరీం సాబ్ మాట నాకు అప్పట్లో పిరికి మాటగానే వినబడింది. మహబూబాబాద్ పోయినంక అర్థమైంది. మేము ఆ ఊరిని మానుకోట అంటాం. అక్కడి మిర్చి గోదాములో నాతోపాటు సమ్మయ్య అని ఒకడు చేసేవాడు. మంచి దిట్టమైన మనిషి. మిర్చి ఘాటుకు మేమందరం తుమ్ముతుంటే, వాడు తుమ్మకుండా నిలబడటమే గొప్పగా చెప్పుకునేవాడు.

ఒక రాత్రి ఇద్దరు లోపలికి దూరారు. నేను ఈల ఊదుతూ అటు తిరిగి వచ్చేలోపు సమ్మయ్య షట్టర్ కిందికి గుంజి తాళం వేసి, చేతులు దులుపుకొని నిలబడ్డాడు. పట్టిన అన్నాడు. వాడి ముఖంలో అంత సంతోషం నేను వాడి పెండ్లినాడు కూడా చూడలేదు. లోపల ఉన్నవాళ్ళకు హమాలీలు బస్తాలు లేపే ఇనుప కొక్కెం దొరికింది. షట్టర్ పక్కన చిన్న తలుపు ఒకటి ఉండేది. వాళ్ళు దాన్ని పగలగొట్టుకొని వచ్చేసరికి, ఆ తలుపు ముందు ఉన్నది సమ్మయ్య.

వాళ్ళు పోయారు. మిర్చి మిగిలింది. సమ్మయ్య కుడిచేయి మళ్ళీ భుజం దాటి లేవలేదు. సేటు పదిమందిని పిలిచి శాలువా కప్పాడు. అది జారిపోతుంటే సమ్మయ్య ఎడమ చేత్తో పట్టుకున్నాడు. ఫోటోలో అట్లనే పడింది.

ఆ గోదాములో మిర్చి తప్ప ఏమీ లేదు. ఇంట్లో మనుషులుంటారు. గోదాము కావలి నేర్చినవాడికి ఇంటి కావలి కూడా వచ్చినట్టే అనుకుంటారు. నేనూ అట్లనే అనుకున్నాను.

ఇంటికి చెప్పిన పద్ధతి

నేను పరాయి సొమ్ముకు కావలి పోతే, నా ఇంటికి కావలి ఎవరూ లేరు. కొమురమ్మ, ఇద్దరు చిన్న పిల్లలు. అందుకని ఆమెకు ఒక పద్ధతి చెప్పాను. చప్పుడైతే పిల్లల్ని లోపలి అర్రలోకి తీసుకోవాలి. గడియ పెట్టాలి. బియ్యం బస్తా తలుపుకు ఆనించాలి. పక్కింటివాళ్ళు లేచేదాకా స్టీలు బిందె మీద గరిటెతో కొట్టాలి. మా ఆయన ఇంట్లనే ఉన్నడు, గొడ్డలి పట్కొని ఉన్నడు అని గట్టిగా అనాలి. తెల్లారేదాకా ఎవరు పిలిచినా తీయవద్దు. నేను పిలిచినా తీయవద్దు. నా మెడ మీద కత్తి పెట్టి పిలిపించవచ్చు. ఈ చివరి మాట చెప్పినప్పుడు నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆమె ఈ పద్ధతిని పిల్లికి చేసింది, గాలికి చేసింది, ఒకసారి పక్కింటి జానీ మియా మేకపోతుకు చేసింది. పొద్దున నేను డ్యూటీ దిగి వస్తే వాడకట్టంతా నిద్ర లేని కండ్లతో నన్ను చూసేది. ఆమె అది చేస్తుండగా నేను మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు. ఆ పద్ధతిలో నేను నిలబడే జాగా ఏదో ఎన్నడూ ఆలోచించలేదు. రాత్రిపూట ఇంట్లో ఉండే మనిషిని కాదు కదా.

మూడు తలుపులు

మా ఇల్లు చిన్నది. ముందు అర్ర, వెనక వంటిల్లు, పక్కకు లోపలి అర్ర. ముందు తలుపుకు ఇనుప జాలీ గేటు ఉంది. రాత్రి దానికి లోపలి నుంచి తాళం వేస్తాం. తాళంచెవి కొమురమ్మ కొంగున ఉంటుంది. వంటింటికి వెనక తలుపు. లోపలి అర్రకు బయటికి తలుపు లేదు; ఉన్న చిన్న కిటికీకి కూడా, బాలింతకు గాలి తగలవద్దని కొమురమ్మ అట్ట కొట్టించింది. ఆ అర్ర తలుపు గడియ రెండు చిన్న స్క్రూల మీద నిలబడి ఉండేది. ఊరివాళ్ళ తాళాలన్నీ గుంజి చూసే నేను, ఆ గడియను బాగు చేస్తానని ఏడాదిగా అంటున్నాను.

బిందె చప్పుడుకు లేచాను. వంటింటి గుమ్మంలో ఒక పిలగాడు. ఇరవై ఏండ్లుంటాయి. ముఖానికి కట్టుకున్న దస్తీ రుమాలు, చేతిలో ఇనుప రాడ్. వంటింటి కిటికీ జాలీ కోసి, చేయి పెట్టి వెనక తలుపు గడియ తీసి వచ్చాడు. లోపలి అర్ర నుంచి కొమురమ్మ అంటూంది: “మా ఆయన ఇంట్లనే ఉన్నడు. గొడ్డలి పట్కొని ఉన్నడు.”

ఆ మాట మొదటిసారి నిజమైంది, సగం. పిలగాడు నా రెండు చేతులూ చూశాడు.

“గొడ్డలేది?” అన్నాడు.

లేదన్నాను.

వాడు వెనక్కి తిరిగి పరుగెత్తాడు. అంతటితో అయిపోవలసింది. కరీం సాబ్ చెప్పిన రాస్తా అదే. కానీ వాడు తలుపు దాకా పోయేలోపే బయట గొళ్ళెం పడిన చప్పుడు వినబడింది. బిందె చప్పుడుకు లేచి, ప్రహరీ దూకి వచ్చిన జానీ మియా.

“యాకయ్యన్నా, పరేషాన్ గాకు. దొర్కిండు. బైటికెల్లి గొళ్ళెం వెట్టిన. ఇగ ఏడికి పోతడు.”

నిజమే. ఎక్కడికీ పోడు. నాతోనే ఉంటాడు.

మా దిక్కు ప్రతి తలుపుకూ లోపల గడియ, బయట గొళ్ళెం ఉంటాయి. దొంగలు ఒక ఇంట్లో పడేముందు చుట్టుపక్కల ఇండ్లకు గొళ్ళేలు పెట్టి పోతారు, సాయానికి ఎవరూ రాకుండా. జానీ మియా దొంగల ఎత్తును దొంగ మీదనే వేశాడు. మంచి ఎత్తే. ఇంట్లో మేమున్న సంగతి ఒక్కటే అందులో లెక్కకు రాలేదు.

పిలగాడు వెనక తలుపును రెండుసార్లు తన్నాడు. టేకు తలుపు, కదలలేదు. ముందు గేటుకు వచ్చి తాళం గుంజాడు. రాలేదు. ఇక మిగిలింది లోపలి అర్ర. అవతల దారి ఉందనుకున్నాడేమో, దాన్నే చూస్తున్నాడు. ఆ తలుపు ఒక్క తన్నుకు ఆగదు. తలుపు వెనక బియ్యం బస్తా, బస్తా వెనక నా బిడ్డ, బిడ్డ ఒడిలో పసిగుడ్డు.

మంచం కింద నా కట్టె ఉంది. చేయి దాని దాకా పోయింది. కట్టె తీస్తే వాడు రాడ్ ఎత్తుతాడు. నేను పడిపోతే ఆ తలుపు వాడిదే. పోయి తలుపుకు అడ్డం నిలబడితే సమ్మయ్యను అవుతాను. కట్టెను కాలితో ఇంకా లోపలికి నెట్టి, మంచం మీద కూర్చున్నాను.

“బిడ్డా, ఆ అర్రకు ఇంకో తొవ్వ లేదు,” అన్నాను. “అండ్ల బాలింత ఉన్నది. నువ్వు పోతె నువ్వు గూడ అండ్లనే ఇర్కుతవు. జర ఆగు. తొవ్వ నేను జూపిస్త.”

వాడు ఆగాడు. తొవ్వ చూపిస్తానని చెప్పాను కానీ, చూపించాలంటే ఇద్దరు మనుషులు నా మాట వినాలి.

ముందు జానీ మియాను పిలిచి గొళ్ళెం తీయమన్నాను. ఎందుకన్నాడు. వాడు పోవాలన్నాను. తర్వాత పక్కవాళ్ళతో గొంతు తగ్గించి, నాకు వినబడేటట్టే, పాపం పెద్దమనిషి మెడ మీద కత్తి పెట్టి అనిపిస్తున్నడని చెప్పాడు. అప్పటికి వెనక నలుగురైదుగురు పోగయ్యారు. కట్టెలు తెచ్చుకోమని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. పిలగాడికి అన్నీ వినబడుతున్నాయి. రాడ్ పట్టిన చేయి బిగుసుకుంటూంది.

కొమురమ్మను పిలిచాను. బిందె ఆగింది, కానీ పలకలేదు. రాత్రిపూట మూడుసార్లు పిలిస్తే గాని పలకకూడదని మా ఇండ్లల్లో పెద్దల మాట. ఒకటి రెండుసార్లతో ఆపేది మనిషి కాదంటారు. మూడోసారికి పలికింది.

“ఎవలు?”

“నేనే. గేటు తాళంచెవి గావాలె. తలుపు జర తియ్యి.”

“నువ్వు గాకపోతె తియ్య. నువ్వే అయితె, తియ్యొద్దని నువ్వే జెప్పినవు.”

లోపల స్వప్న, అది నాయిన గొంతేనమ్మా అంది. గొంతుకేముంది, పక్కన ఎవలున్నరో చెప్పు అంది తల్లి.

పిలగాడు దస్తీ కిందికి గుంజుకున్నాడు. ఊపిరి ఆడలేదు కావచ్చు. నా దిక్కు జాలిగా చూశాడు.

“బాపూ, మీ ఇంట్ల నీ మాట ఎవ్వలు ఇనరా?”

నా సర్వీసులో పై ఆఫీసర్లు ఎవరూ నన్ను అంత చక్కగా అర్థం చేసుకోలేదు.

ఆ మాట లోపలికి వినబడింది. కొమురమ్మ ఇక నాతో మాట్లాడటం మానేసింది.

“ఓ పిలగా. నీ చేతుల ఏమున్నది?”

వాడు నన్ను చూశాడు, చెప్పమంటావా అన్నట్టు. “రాడ్ అవ్వా.”

“కింద వడెయ్యి. సప్పుడు నాకు ఇనవడాలె.”

వాడు వేయలేదు. బయట మంది ఉన్నారని, వేస్తే చంపేస్తారని అన్నాడు. గొంతులో ఏడుపు వచ్చింది. మనిషి ఏడ్చే ముందే కొడతాడు, అది నాకు తెలుసు. లోపలి అర్ర దిక్కు ఒక అడుగు వేశాడు. నేను మంచం మీది నుంచి లేచాను. లేచి ఏం చేద్దునో నాకు తెలియదు. అప్పుడు పసిపిల్ల ఏడ్చింది. వాడి అడుగు అక్కడే ఆగింది.

“ఇన్నవు గద,” అంది కొమురమ్మ, గొంతు పెంచకుండా. “పదకొండొద్దుల పిల్ల. ఈ తలుపు నువ్వు తంతె పలుగుతది, నాకెరుకే. పలిగినంక గూడ నీకు తొవ్వ దొర్కదు, బైట మందికి ఇంక కోపమొస్తది. రాడ్ ఏసినవంటె మందిని ముందటికి పంపిస్త, ఎన్క తలుపు తీపిస్త. జానీ నా మాట ఇంటడు. ఇగ నీ ఇష్టం.”

మా తలుపు గట్టిది కాదని దొంగకే చెప్పేసింది. ఏ వాచ్‌మనూ చేయని పని. నేను తల పట్టుకున్నాను. రాడ్ నేల మీద పడింది.

ఆమె స్వప్న ఫోన్‌లోంచి జానీ మియాకు చేసింది. గోడకు ఇవతల నుంచి నేను మొత్తుకుంటే నమ్మని మనిషి, ఫోన్‌లో ఆమె చెప్తే నమ్మాడు. ఆయన లెక్కలో కత్తి నా మెడ మీద ఉంది కదా, ఆమె మెడ మీద లేదు. బాలింత ఉన్న ఇల్లు, నెత్తురు చూడొద్దు, మందిని తీసుకొని ముందు వాకిట్లోకి పో తమ్ముడూ అంది. జానీ మియా గొణిగాడు. గొణిగి గొళ్ళెం తీశాడు. అందరూ ఇంటిని చుట్టి గేటు ముందుకు వచ్చారు. నేను గేటుకు లోపలి పక్క నిలబడి, వాళ్ళు అడిగిన దానికల్లా నెమ్మదిగా, రెండేసి సార్లు జవాబు చెప్పాను. ఆ రాత్రి నేను చేసిన ఉద్యోగం అదొక్కటే.

పిలగాడు వెనక నుంచి పోయాడు. పోతూ తలుపు దగ్గరికి వేసి పోయాడు.

తెల్లారే ముందు

స్వప్న మొదట్లోనే వంద నంబరుకు చేసింది, పోలీసులు వచ్చారు. గేటు తాళంచెవి ఇంకా కొమురమ్మ కొంగునే ఉంది. హెడ్ కానిస్టేబుల్ తలుపు తీయమని పిలిస్తే, పోలీసుల గొంతు గూడ చేస్తరని లోపలి నుంచి జవాబు వచ్చింది. ఆయనను వెనక నుంచి తిప్పి తీసుకొచ్చాను. రాడ్‌ను బట్టలో చుట్టుకొని, వాచ్‌మన్ పని చేసిన మనిషివి, చేతికి చిక్కినవాణ్ణి వదిలిపెట్టావా అన్నాడు. వదిలిపెట్టాను, అట్లనే రాసుకోండి అన్నాను. ముఖం చూశావా అంటే సరిగ్గా చూడలేదన్నాను. అది అబద్ధం. వాడికి మా ఇల్లు తెలుసు, నాకు వాడి ఇల్లు తెలియదు. ఇది తప్పని మీరంటే కాదనను. అయినా మళ్ళీ అడిగితే అదే చెప్తాను.

కట్టెలు తెచ్చుకున్నవాళ్ళు నిరాశగా ఇండ్లకు పోయారు. భూపాలపల్లిలో బొగ్గు బాయిలో పనిచేసే నా కొడుకు రాత్రి డ్యూటీ దిగి ఫోన్ చేశాడు. నేనుంటే వాణ్ణి అట్ల పోనిస్తుంటినా అన్నాడు. నువ్వు ఉన్నా మీ అమ్మ తలుపు తీయకపోవునురా అన్నాను.

వాకిట్లో వెలుగు వచ్చాక లోపలి అర్ర గడియ తీసిన చప్పుడైంది. కొమురమ్మ బయటికి వచ్చి నన్ను తల నుంచి కాళ్ళ దాకా చూసింది. నాకు ఒకటే అడగాలని ఉంది. నన్ను ఎందుకు లేపలేదని అడిగాను.

“లేపలేదా? రెండుసార్లు ఊపిన. నువ్వు మొద్దులెక్క పన్నవు. వాడు అప్పటికే జాలీ కోస్తుండె. నిన్ను గుంజుకపోవాల్నా, పిల్ల దగ్గర ఉండాల్నా.” కొంగు సర్దుకుంది. “ఇడ్శిపెట్టి తలుపేసిన.”

సరిగ్గనే జేసినవ్ అన్నాను.

“ఎరుకే,” అంది. కానీ చాయ్ గిన్నె పొయ్యి మీద పెట్టి ఆమె గీసిన పుల్లలు రెండూ విరిగిపోయాయి. నేను పోయి అగ్గిపెట్టె అందుకున్నాను.

ఈ పనిలోకి వచ్చే పిలగాళ్ళారా, సేటు సొమ్ముకైతే బయట నిలబడండి, దగ్గండి. ఇంట్లో మనుషులకు ఆపద వస్తే అందరినీ ఒక అర్రలోకి చేర్చి, మీరు కూడా ఆ అర్రలోకే పోండి. నా పద్ధతిలో లోపం అదే, లోపలికి పోవలసినవాళ్ళలో నన్ను లెక్క పెట్టలేదు. ఫోన్ ఆ అర్రలోనే ఉండాలి. గడియకు పొడుగు స్క్రూలు వేయించండి, నేను అదే రోజు వేయించాను. పక్కింటివాళ్ళకు ముందే చెప్పి పెట్టండి: అరవండి, లైట్లు వేయండి, మా తలుపుకు గొళ్ళెం మాత్రం పెట్టకండి. జానీ మియాకు ఇది చెప్తే ఇప్పటికీ ఒప్పుకోడు. నేను పెట్టకపోతే అసలు దొర్కుతుండెనా అంటాడు.

పోలీసు కాగితంలో నా పేరు, జానీ మియా పేరు మాత్రమే ఉన్నాయి. అందుకని ఆ రాత్రి ఉన్నవాళ్ళందరి పేర్లూ ఇక్కడ రాస్తున్నాను. లోపలి అర్రలో నా భార్య కొమురమ్మ, నా బిడ్డ స్వప్న, అప్పటికి పేరు పెట్టని నా మనుమరాలు. ఇప్పుడు ఆమె పేరు మనస్వి, గార్లలో ఉండే మా అల్లుడు ఫోన్‌లో వెతికి పెట్టాడు. వెనక తలుపు దగ్గర జానీ మియా, ఆయన భార్య షాహీన్, ఎదురింటి మల్లేశం, మల్లేశం తమ్ముడు ఐలయ్య, కిరాణం సోమన్న. ముందు అర్రలో యాకయ్య అనే నేను, ఇంకొక పిలగాడు. వాడి పేరు అడగలేదు. అడిగితే నాకు తెలిసిపోయేది.